పచ్చి చికెన్ తినే పిల్లికూనకు ఎముకలెందుకు మెత్తబడతాయి?

విజయవాడ నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. కొంత కుదించి ఇస్తున్నాను.

"డాక్టరుగారూ, మా అబ్బాయి ముచ్చటపడి బెంగాల్ పిల్లికూనను కొన్నాడు. ఇప్పుడు దానికి నాలుగు నెలలు. ఇది సగం చిరుత, దీనికి వండిన తిండి పడదు, పచ్చిమాంసమే పెట్టాలని అమ్మినవాళ్ళు చెప్పారు. రెండు నెలలుగా రోజూ బోన్‌లెస్ చికెన్ తెచ్చి, శుభ్రంగా కడిగి, సన్నగా తరిగి పచ్చిదే పెడుతున్నాం. బొచ్చు నిగనిగలాడుతున్నది. కాని రెండు వారాలుగా బీరువా ఎక్కటం మానేసింది. ఎత్తుకుంటే అరుస్తున్నది. వెనక కాలు కుంటుతున్నది. పిల్లలకిచ్చే కాల్షియమ్ సిరప్ వెయ్యమంటారా? ఎంత వెయ్యాలి? ఇంట్లో రెండేళ్ళ మనవడున్నాడు. కోడలికి మళ్ళీ మూడో నెల. పిల్లివల్ల వాళ్ళకేమైనా ఇబ్బందా?"

పిల్లి సంగతి పశువుల డాక్టరు కదా చెప్పవలసింది, మనుషులకు మందులిచ్చే ఈయనకెందుకు అని కొందరికి అనిపించవచ్చు. నిజమే. అయితే ఈ ఉత్తరంలో రోగి ఒక్క పిల్లి మాత్రమే కాదు. రెండేళ్ళ పిల్లవాడున్నాడు, గర్భిణి ఉన్నది. వంటగదిలో రోజూ పచ్చిమాంసం తరుగుతున్న ఈ తల్లి కూడా ఉన్నది. పైగా పిల్లికి వచ్చిన జబ్బు మా పిల్లల వార్డులో చూసే రికెట్స్‌కు దగ్గరి చుట్టం. పశువైద్యశాలలో పనిచేసే నా మిత్రుణ్ణి అడిగి తెలుసుకున్నదీ, నాకు తెలిసినదీ కలిపి చెబుతాను.

ముందుగా ఆ అమ్మగారికి రెండు మాటలు. సిరప్ పక్కన పెట్టండి. పిల్లిని ఇవాళే ఒక చిన్న బుట్టలోనో అట్టపెట్టెలోనో మెత్తటి గుడ్డ పరిచి పడుకోబెట్టి, పశువైద్యశాలకు తీసుకువెళ్ళి ఎక్స్‌రే తీయించండి. చంకలో ఎత్తుకుని వెళ్ళవద్దు. నొప్పితో అరుస్తున్నది కదా అని పారాసెటమాల్ మాత్ర ముక్క కూడా వెయ్యవద్దు. మనకు జ్వరానికి అలవాటుగా వేసుకునే ఆ మాత్రను జీర్ణం చేసుకునే శక్తి పిల్లి కాలేయానికి లేదు. మనిషి వేసుకునే ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు.

ఇంతకీ ఇది ఎంత అడవిది?

"సగం చిరుత" అన్న మాట దగ్గరే మోసం మొదలవుతున్నది. బెంగాల్ పిల్లి పూర్వీకుల్లో ఉన్నది చిరుతపులి కాదు, చిరుతపిల్లి. ఒంటిమీద మచ్చలుంటాయి గాని పరిమాణంలో మన పెంపుడు పిల్లి అంతే. మన తూర్పు కనుమల అడవుల్లో కూడా ఉన్నది. శాస్త్రీయనామంలో "బెంగాలెన్సిస్" అని ఉండటంవల్ల ఈ సంకరజాతికి బెంగాల్ అని పేరు వచ్చింది. బెంగాల్ పులికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

ఈ జాతి పుట్టింది అమెరికాలో. తరవాతి కాలంలో జీన్ మిల్‌గా పేరుపడ్డ ఒక మహిళ ఇంట 1963లో చిరుతపిల్లికీ మామూలు పిల్లికీ కూన పుట్టింది. కొంతకాలం ఆ పని ఆగిపోయింది. 1980 ప్రాంతంలో ఆమె మళ్ళీ మొదలుపెట్టినప్పుడు సంకరజాతి కూనలను ఇచ్చినది కాలిఫోర్నియాలోని డాక్టర్ విల్లర్డ్ సెంటర్‌వాల్. ఆయన పిల్లల వైద్యుడు, జన్యుశాస్త్రం చదివినవాడు. పిల్లులకు వచ్చే ఒకరకం రక్తపు కాన్సర్‌ను చిరుతపిల్లి తట్టుకుంటుందేమో చూడటానికి ఆ కూనలను పుట్టించాడు. ఇదే డాక్టరు తన భార్యతో కలిసి దక్షిణ భారతదేశంలో మేనరికాల గురించీ, ఆ పెళ్ళిళ్ళలో పుట్టిన పిల్లల అవకరాల గురించీ పరిశోధన చేసి 1966లో ప్రచురించాడు. మన ఇళ్ళ మేనరికాలు లెక్కపెట్టినాయనే ఈ పిల్లి పుట్టుకలోనూ చెయ్యి పెట్టాడన్నమాట! 1982లో జీన్ మిల్ ఢిల్లీ జంతుప్రదర్శనశాలకు వచ్చినప్పుడు, ఖడ్గమృగాల ఆవరణలో తిరుగుతున్న మచ్చల ఊరపిల్లి ఒకటి కంటపడింది. అదీ అమెరికా చేరి ఈ జాతిలో కలిసింది. కాబట్టి "విదేశీ పిల్లి" అని మీరు వేలు పోసి కొన్నదాని ఒంట్లో ఢిల్లీ వీధిపిల్లి నెత్తురు కూడా ఉండవచ్చు.

లెక్క చూద్దాం. అడవిపిల్లికి నేరుగా పుట్టిన కూనలో సగం అడవి వాటా. దాన్ని మళ్ళీ ఇంటిపిల్లితో కలిపితే నాలుగో వంతు, ఆ తరవాత ఎనిమిదో వంతు, నాలుగో తరానికి పదహారో వంతు. ఇళ్ళలో పెంచుకోవటానికి నాలుగో తరమూ ఆ తరవాతివే తగినవంటారు. అంటే అది పదహారింట పదిహేను పాళ్ళు పిల్లే. మచ్చలున్నంతమాత్రాన దీని పేగులు మారలేదు. దీనికి కావలసిన పోషకాలు మామూలు పిల్లికి కావలసినవే. సెర్వాల్ అనే ఆఫ్రికా అడవిపిల్లి నుంచి 1986లో మొదలైన సవాన్నా జాతి పిల్లికీ ఇదే మాట వర్తిస్తుంది. అది ఒళ్ళు పెద్దది, కాబట్టి కూనగా ఉన్నప్పుడు చేసే పొరపాటుకు మరింత నష్టపోతుంది.

ఒకవేళ నిజంగానే అడవి చిరుతపిల్లి కూన అని ఎవరైనా అమ్మజూపితే తిండి సంగతి ఆలోచించవద్దు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద దాన్ని పట్టటం, కొనటం, ఇంట్లో ఉంచుకోవటం నేరం.

వేట వేరు, మాంసం వేరు

పిల్లి మాంసాహారి. అందులో అనుమానం లేదు. అయితే అడవిలో ఏ పిల్లీ బోన్‌లెస్ చికెన్ తినదు. ఎలుకను పట్టిందంటే తలా, ఎముకలూ, కార్జం, గుండెకాయ, పేగులు, నెత్తురు, సగం బొచ్చుతో సహా మింగుతుంది. ఎలుక మొత్తంగా చూస్తే అందులో కాల్షియమ్ భాస్వరానికి సమానంగానో, కొంచెం ఎక్కువగానో ఉంటుంది. ఎదిగే పిల్లికూనకు కావలసిన పాళ్ళు సరిగ్గా అవే.

ఇప్పుడు చికెన్ కొట్టులో తెచ్చిన రొమ్ముమాంసం చూడండి. 100 గ్రాములలో భాస్వరం సుమారు 200 మిల్లీగ్రాములు ఉంటే, కాల్షియమ్ పట్టుమని 10 మిల్లీగ్రాములు. ఇరవైకి ఒకటి. ఎముక తీసేసిన మరుక్షణం ఆ తిండిలో కాల్షియమ్ పోయింది. మాంసకృత్తులకు కొదవ లేదు, అందుకే కూన చురుగ్గా ఉంటుంది, బొచ్చు మెరుస్తుంది, బరువు పెరుగుతుంది. లోపల ఎముకకు మాత్రం సున్నం దొరకదు. బొచ్చు నిగనిగ చూసి ఎముక బాగున్నదనుకోవటం, గోడకు రంగు చూసి పునాది గట్టిదనుకోవటం లాంటిది.

"పాలు పోస్తున్నాం కదా" అంటారు. లెక్క వేద్దాం. పాలలో ఒక డెసీలీటరుకు కాల్షియమ్ 120 మిల్లీగ్రాములు, భాస్వరం 95 ఉంటాయనుకోండి. మిగులు పాతిక. వంద గ్రాముల చికెన్‌లో ఉన్న 190 మిల్లీగ్రాముల లోటు ఆ పాతికలతో పూడ్చాలంటే ముప్పావు లీటరు పాలు పట్టాలి. కిలోన్నర తూగే కూన ముప్పావు లీటరు పాలు తాగుతుందా! పైగా తల్లిపాలు మానిన పిల్లులు చాలావాటికి పాలచక్కెర అరగదు, విరేచనాలు పట్టుకుంటాయి. రాగిజావ పోస్తే మంచిది కాదా అని మరొకరు అడిగారు. రాగిలో కాల్షియమ్ బాగా ఉన్నమాట నిజం, భాస్వరమూ దానికి దగ్గరగానే ఉన్నది. ఇక్కడా మిగులు స్వల్పమే. అది మన పిల్లలకు పెట్టండి.

మరి మా అమ్మమ్మగారి పిల్లి పెరుగన్నం తిని పదేళ్ళు బతికింది కదా, దానికే కాల్షియమూ లెక్కకట్టలేదే అంటారు. ఈ ప్రశ్న మంచిది. అమ్మమ్మగారు పెట్టిన పెరుగన్నం దానికి ఫలహారం మాత్రమే. అసలు భోజనం గాదెకిందా, అటకమీదా, పశువులకొట్టంలో దొరికేది. ఎలుక, చుంచు, బల్లి, పిచ్చుక, అప్పుడప్పుడు మిడత. ఎముకలతో సహా. ఆవిడ పళ్ళెంలో లోటు పెరట్లో పూడేది. ఇప్పుడు అయిదో అంతస్తు ఫ్లాటులో, కిటికీలకు వల కట్టి పెంచే పిల్లికి మీరు పళ్ళెంలో పెట్టిందే లోకం. అందులో ఏది లేకపోతే అది దానికి ఎక్కడా దొరకదు.

గాదె ఖాళీ అయ్యే తీరు

ఒంట్లో కాల్షియమ్ ఎముకలకోసమే అనుకుంటాం. గుండె కొట్టుకోవటానికీ, కండరం ముడుచుకోవటానికీ, నరాలు పనిచెయ్యటానికీ అది కావాలి. అందుకని నెత్తురులో దాని మట్టం తగ్గకుండా శరీరం కాపలా కాస్తుంది. మెడలో పారాథైరాయిడ్ అనే చిన్న గ్రంథులున్నాయి. మనకూ ఉన్నాయి, పిల్లికీ ఉన్నాయి. తిండిలో కాల్షియమ్ తక్కువై భాస్వరం ఎక్కువైనప్పుడు ఇవి పెద్దవై, ఎముకల్లో దాచిన కాల్షియమ్‌ను కరిగించి నెత్తురులోకి పంపుతాయి. ఇంట్లో రాబడి లేక గాదెలో విత్తనాల ధాన్యం తీసి వండుకున్నట్లు. అందువల్ల రక్తపరీక్ష చేయిస్తే కాల్షియమ్ మామూలుగానే ఉండవచ్చు. రిపోర్టు చూసి "ఏమీ లేదట" అని ఇంటికి తిరిగి వచ్చేస్తారు. ఎక్స్‌రేలోనే అసలు సంగతి బయటపడుతుంది. తెల్లగా కనిపించవలసిన ఎముకలు పక్కనున్న కండలాగే మసకగా ఉంటాయి. పైపొర కాగితంలా పలచబడి ఉంటుంది.

పెద్దపిల్లికి ఇలాంటి తిండి పెడితే ఎముకల నిలవతో చాలాకాలం నెట్టుకొస్తుంది. కూన అలా కాదు. పుట్టినప్పుడు 100 గ్రాములుండేది, ఆరు నెలలు తిరిగేసరికి పెద్దపిల్లి ఎత్తుకు దగ్గరగా వస్తుంది. వారానికి ఇంచుమించు వంద గ్రాములు పెరుగుతుంది. అంత వేగంగా కొత్త ఎముక కట్టవలసిన రోజుల్లో సున్నం అందకపోతే నాలుగు నుంచి ఎనిమిది వారాల్లోనే లక్షణాలు బయటపడతాయి. మొదట ఎగరటం మానేస్తుంది. "పెద్దదయింది, బుద్ధిగా కూచుంటున్నది" అనుకుంటారు ఇంట్లోవాళ్ళు. నాలుగు నెలల కూన బుద్ధిగా కూచున్నదంటే అనుమానించాలి. తరవాత అడుగులు ఎడంగా వేస్తుంది. కుంటుతుంది. ఎత్తుకుంటే, ఒక్కోసారి ముట్టుకుంటేనే అరుస్తుంది. మంచంమీదినుంచి దిగినంతమాత్రాన తొడ ఎముక విరుగుతుంది, లేదా పచ్చికొమ్మ వంగినట్లు వంగుతుంది. వెన్నెముక పూస నలిగితే వెనక కాళ్ళు పడిపోతాయి.

నా పశువైద్య మిత్రుడు ఒక ఎక్స్‌రే చూపించాడు. అయిదు నెలల కూన. రెండు తొడ ఎముకలూ వంగి ఉన్నాయి. కటి ఎముకలు రెండువైపులనుంచీ లోపలికి నొక్కుకుపోయాయి. పేరు చెప్పకుండా ఇస్తే మా వార్డులో రికెట్స్ పిల్లవాడిదనే అనుకునేవాణ్ణి. ఆ కూనను చిన్న బోనులో కదలకుండా ఉంచి, తిండి మార్చి, నొప్పికి పిల్లులకిచ్చే మందు ఇచ్చారు. రెండు నెలల్లో ఎముకలు గట్టిపడి నడిచింది. కటి మాత్రం ఇరుకుగానే ఉండిపోయింది. మలం గట్టిపడితే బయటికి రాదు, బతికినంతకాలం దానికి విరేచనపు మందు పట్టవలసిందే. ఆడపిల్లి అయితే కూనలు ఈనటం ప్రాణగండమవుతుంది. తొందరగా పట్టుకుంటే ఈ జబ్బు నయమయ్యేదే. వంకర మాత్రం వెనక్కు పోదు.

ఎండలో కూచోబెడితే చాలదా అని అడగవచ్చు. మన పిల్లలకు చెప్పే సలహా ఇక్కడ పనికిరాదు. ఎండ తగిలితే మన చర్మం డి విటమిను తయారుచేసుకుంటుంది. పిల్లి చర్మానికి ఆ పని దాదాపుగా చేతకాదు. తిండిలోనుంచి రావలసిందే.

సిరప్‌తో ఎందుకు సరిపెట్టకూడదు?

కాల్షియమ్ ఒక్కటే లోటైతే సిరప్ చుక్కలు లెక్కకట్టి ఇచ్చేవాళ్ళం. పచ్చి చికెన్ పళ్ళెంలో లోట్లు చాలా ఉన్నాయి. డి విటమిను లేదు. ఎ విటమిను లేదు. కారెట్‌లో ఉండే పసుపు పదార్థాన్ని మనం ఎ విటమినుగా మార్చుకుంటాం, పిల్లి మార్చుకోలేదు. దానికి కార్జంలో ఉండే తయారు విటమినే కావాలి. సరే అని రోజూ కార్జం పెడతారు కొందరు. అప్పుడు ఎ విటమిను మితిమీరి, నెలల తరబడి పేరుకుని, మెడపూసలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. పాపం, ఆ పిల్లి ఒళ్ళు నాక్కోవటానికి కూడా మెడ తిప్పలేదు. పైగా కార్జంలోనూ గుండెకాయలోనూ భాస్వరం మరీ ఎక్కువ.

సముద్రతీరపు ఊళ్ళలో పచ్చి చేపలు పెడతారు. కొన్ని రకాల పచ్చి చేపల్లో బి1 విటమినును విరగ్గొట్టే పదార్థం ఉన్నది. వారాల తరబడి అవే తిన్న పిల్లి తల కిందికి వేలాడేస్తుంది, తూలుతుంది, మూర్ఛలు వస్తాయి. చేపను ఉడికిస్తే ఆ పదార్థం నశిస్తుంది.

ఇక టారిన్. ఇది పిల్లికి ప్రాణాధారమైన పదార్థం, ఒంట్లో కావలసినంత తయారుచేసుకోలేదు. తక్కువైతే కంటిపొర చెడుతుందని 1975లో తెలిసింది. గుండె సాగిపోయి చచ్చిపోతుందని 1987లో అమెరికాలో డాక్టర్ పాల్ పియన్ బృందం కనిపెట్టింది. అప్పటికి డబ్బాల తిండిలో కూడా అది చాలినంత లేదు. ఆ తరవాతే కంపెనీలు పరిమాణం పెంచాయి. అప్పటిదాకా ఎన్ని పిల్లులు ఊరికే చచ్చిపోయాయో! ఇంట్లో లెక్క తప్పటం తేలికని చెప్పటానికే ఇది రాశాను. పెద్ద కంపెనీలకే ఒక పదార్థం సంగతి అంత ఆలస్యంగా తెలిసింది. పిల్లులకు ఇంట్లో వండిపెట్టే వంటకాలను వందకు పైగా సేకరించి అమెరికాలో పశువైద్యులు విశ్లేషించి 2019లో ప్రచురించారు. పుస్తకాల్లోవీ ఉన్నాయి, పశువైద్యులు రాసినవీ ఉన్నాయి. అన్ని పోషకాలూ సరిగా ఉన్నది ఒక్కటీ లేదు.

గుడ్డుపెంకుల పొడి కలుపుతున్నామని రాసినవాళ్ళూ ఉన్నారు. కాల్షియమ్ వరకు అది మంచి ఆలోచనే. కాని చేతికి వచ్చినంత వేస్తే ఎక్కువై మలబద్ధకమూ, మరికొన్ని ఖనిజాల లోటూ వస్తాయి. మరొక ప్రమాదం మన ఇళ్ళలో అందరి దగ్గరా ఉన్నది. మోకాళ్ళ నొప్పులకు వారానికొకటి వేసుకోమని ఇచ్చే 60,000 యూనిట్ల డి3 పొట్లం. "ఎముకలకే కదా" అని అది పిల్లికి కలిపిపెడితే మూత్రపిండాలు సున్నం కట్టి పోతాయి. అది పెద్దమనిషి మోతాదు, కిలోన్నర కూనకు విషం.

పిల్లి తిన్నది పిల్లితో ఆగదు

ఇప్పుడు మనవడి సంగతికి వస్తాను. ఉత్తరంలో "శుభ్రంగా కడిగి" అన్న మాట ఉన్నది. పచ్చి చికెన్‌ను కుళాయికింద కడిగితే క్రిములు పోవు. నీళ్ళ తుంపర్లతో సింకుమీదా, గట్టుమీదా, పక్కనే ఆరబెట్టిన పాలగ్లాసుమీదా పడతాయి. పచ్చిమాంసంలో సాల్మొనెల్లా తరచుగా ఉంటుంది. పిల్లి దాన్ని తిని ఏ జబ్బూ లేకుండా తిరుగుతూ, వారాల తరబడి మలంలో విసర్జించవచ్చు. ఆ నాలుకతోనే ఒళ్ళు నాక్కుంటుంది. ఆ ఒంటినే పిల్లవాడు నిమిరి, వేళ్ళు నోట్లో పెట్టుకుంటాడు. పిల్లి తినగా మిగిలిన ముక్క నేలమీద పడి ఉంటే ముందుగా చేరేదీ వాడే. మా ఓపీకి విరేచనాలూ జ్వరంతో తెచ్చిన పిల్లల తల్లులను నీళ్ళెక్కడివి, పాలెక్కడివి అని అడగటం మాకు అలవాటు. ఈమధ్య "ఇంట్లో పిల్లి ఉందా అమ్మా, ఏం పెడుతున్నారు?" అని కూడా అడుగుతున్నాను.

బర్డ్ ఫ్లూ మాట ఇంకా పెద్దది. 2024 డిసెంబరులో నాగపూర్ దగ్గర గోరెవాడ కేంద్రంలో 3 పులులూ, ఒక చిరుతా ఈ వైరస్‌తో చనిపోయాయి. అదే నెలలో అమెరికాలోని ఓరెగాన్‌లో ఫ్రీజ్ చేసి అమ్మే పచ్చిమాంసపు తిండి తిన్న ఇంటిపిల్లి ఒకటి పోయింది. తిండిలోని వైరస్సూ పిల్లిలోని వైరస్సూ ఒకటేనని పరీక్షలో తేలింది. 2025 మొదట్లో మధ్యప్రదేశ్ ఛింద్వాడాలో పెంపుడు పిల్లుల్లో కనిపించింది. పిల్లి జాతికి ఈ వైరస్ అంటే గడ్డు. జ్వరం, ఆయాసం, చూపు పోవటం, మూర్ఛలు, చాలావరకు మరణమే. 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల కోళ్ళఫారాల్లో కోళ్ళు గుట్టలుగా చచ్చింది పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఆ మార్చిలో పల్నాడు జిల్లాలో రెండేళ్ళ పాప ఒకతె ఈ వైరస్‌తో చనిపోయింది. పచ్చి చికెన్ ముక్క నోట్లో పెట్టుకున్నదని ఇంట్లోవాళ్ళు చెప్పినట్లు పత్రికల్లో వచ్చింది. ఇలాంటివి మనుషుల్లో చాలా అరుదు. బాగా ఉడికిన కోడికూర, గుడ్డు తినటానికి ఎవరూ భయపడనక్కరలేదు, ఉడుకులో వైరస్ నశిస్తుంది. నేనంటున్నది పచ్చి ముక్క గురించి.

"మేం ఫ్రిజ్‌లో గడ్డకట్టించి పెడుతున్నాం" అంటే, అది కొన్ని పరాన్నజీవులను చంపుతుంది, సాల్మొనెల్లానూ ఈ వైరస్‌నూ చంపదు, నిలవ చేస్తుంది. అందులోనూ కరెంటు పోయి వచ్చే ఊళ్ళలో ఫ్రిజ్ పై అర ఎంత చల్లగా ఉంటుందో మనకు తెలిసిందే.

అమెరికా పశువైద్య సంఘం పిల్లులకూ కుక్కలకూ పచ్చిమాంసం పెట్టవద్దని 2012లోనే చెప్పింది. ఎముకా, అవయవాలూ, విటమినులూ లెక్కప్రకారం కలిపి పచ్చిదే పెట్టి బాగా పెంచినవాళ్ళు లేరని నేననను. ఉన్నారు. కాని చంటిపిల్లలు, గర్భిణులు, ముసలివాళ్ళు, కాన్సర్ మందులు వాడేవాళ్ళు, అవయవమార్పిడి జరిగినవాళ్ళు ఉన్న ఇంట్లో ఆ ప్రయోగం వద్దు. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

మరి ఏం పెట్టాలి?

ఏడాది నిండేవరకు "కిటెన్" అని రాసి ఉన్న, సంపూర్ణాహారమని స్పష్టంగా ముద్రించిన పొట్లం తిండే పెట్టండి. పొడిదైనా, తడిదైనా సరే. పెద్దపిల్లులదీ కుక్కలదీ పనికిరాదు. పొడి తిండి పెడితే నీళ్ళు రెండు మూడు చోట్ల ఉంచండి. పిల్లి సహజంగా నీళ్ళు తక్కువ తాగే జంతువు. ఇది పెట్టేటప్పుడు విడిగా కాల్షియమ్ గానీ విటమిను చుక్కలు గానీ అక్కరలేదు.

పచ్చి ముక్కకు మరిగిన కూన మొదట ముట్టుకోదు. ఏడు నుంచి పది రోజులు తీసుకుని మార్చండి. చికెన్‌ను ఉప్పు, పసుపు, ఏ మసాలా లేకుండా బాగా ఉడికించి, దాంట్లో కొత్త తిండి కొంచెం కొంచెం పెంచుతూ కలపండి. ఉడికిన నీళ్ళు పొడి తిండిమీద గోరువెచ్చగా పోస్తే వాసనకు వస్తుంది. ఉల్లి, వెల్లుల్లి తగలనివ్వవద్దు. అవి పిల్లి నెత్తురులో ఎర్రకణాలను పాడుచేస్తాయి. ఉడికిన ఎముకలు చీలికలై పేగులో గుచ్చుకుంటాయి, అవీ వద్దు. "ఆకలైతే అదే తింటుంది" అని మాడ్చవద్దు. కూన ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే డాక్టరుకు చూపించాలి. అలవాటుపడ్డాక ఉడికించిన చికెన్ ముచ్చటకు రెండు మూడు ముక్కలు పెట్టవచ్చు. రోజు తిండిలో పదో వంతు దాటకూడదు.

ఇంట్లో వండే పెట్టాలని పట్టుదల ఉంటే, పశువైద్య కళాశాలలో పోషకాహారం తెలిసిన వారిచేత ఆ కూన వయసుకూ, బరువుకూ మోతాదులు రాయించుకోండి. అందులో ఉన్న పొడులు దొరకలేదని ఒకటి మానేసి మరొకటి వెయ్యటం మొదలుపెడితే ఆ కాగితం చింపెయ్యటమే మేలు.

ఇప్పటికే కుంటుతున్న కూనకు తిండి మార్చిన తరవాత కూడా నాలుగైదు వారాలు ఎగిరే అవకాశం లేకుండా చూడాలి. సోఫా, మంచం, కిటికీ గట్టు అన్నీ ప్రమాదమే. పెద్ద బోనులో పడక, ఇసుక ట్రే, నీళ్ళు ఉంచండి. మనవడి చేతికి ఇవ్వకండి, వాడి ముద్దుకే ఎముక విరగవచ్చు.

చివరిగా కోడలి సంగతి. పచ్చిమాంసంలోగానీ ఎలుకల్లోగానీ ఉండే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి పిల్లికి సోకితే, ఒకటి నుంచి మూడు వారాలపాటు మలంలో దాని గుడ్లవంటివి పడతాయి. గర్భిణికి మొదటిసారిగా అది సోకితే కడుపులో బిడ్డకు మెదడులో నీరు చేరటం, కంటిపొర దెబ్బతినటం జరగవచ్చు. పిల్లిని నిమిరితే రాదు, ఒళ్ళో కూచుంటే రాదు. పిల్లిని ఇంట్లోంచి వెళ్ళగొట్టమని నేను చెప్పటంలేదు. ఆ అమ్మాయి పచ్చిమాంసం తరగకూడదు, ఇసుక ట్రే ముట్టుకోకూడదు. తప్పనిసరైతే చేతితొడుగులు వేసుకుని, తరవాత సబ్బుతో కడుక్కోవాలి. మలంలో పడ్డవి రోగం అంటించే స్థితికి రావటానికి ఒకటి నుంచి అయిదు రోజులు పడుతుంది. కాబట్టి ఇంట్లో మరొకరు ఏ రోజుకారోజు ట్రే శుభ్రం చేస్తే చాలావరకు ప్రమాదం తప్పుతుంది. ఇది మీ అబ్బాయి పని. రెండు నెలలుగా పిల్లి పచ్చి చికెన్ తింటున్న సంగతి కోడలికి పరీక్షలు చేసే లేడీ డాక్టరుకు ఈసారి వెళ్ళినప్పుడు తప్పకుండా చెప్పండి. అవసరమనుకుంటే ఆమె రక్తపరీక్ష రాస్తుంది.